చెప్పే కథకు బలం ఎక్కడిది?

కథ చెబితే పిల్లలు వింటారు, విన్నది మరిచిపోరు అన్న మాట ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో తరచూ వినిపిస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం అన్ని దశల్లోనూ అనుభవంతో కూడిన చదువు ఉండాలంటూ, అందులో కథ ఆధారంగా బోధించడాన్నీ చేర్చింది. ఈ మాటను కాదనేవారు దాదాపు ఉండరు. అందుకేనేమో, దాన్ని నిగ్గుతేల్చి చూద్దామనుకునేవారూ తక్కువ. కథ పనిచేస్తుందన్న నమ్మకానికి ఉన్న ఆధారాలేమిటి, అవి ఎంతవరకు నిలుస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఇక్కడ పరిశీలిస్తున్నాను. వాటిని చదివాక నాకు తేలిందేమిటంటే, కథకు బలం అందులోని వింతల వల్ల వచ్చేది కొంతే. సంఘటనకూ సంఘటనకూ మధ్య ఉండే కారణపు ముడి, ఎదుట కూర్చుని ఊ కొట్టే మనిషి, ఈ రెండింటి వల్ల వచ్చేదే ఎక్కువ.

ముందు అందరికీ తెలిసిన ఏడు చేపల కథనే తీసుకుందాం. రాజుగారి కొడుకులు వేటకు వెళ్లి చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డిమోపు మీద నెపం వేస్తుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు తనను మేపనివాడి మీద, వాడు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద వేస్తారు. చివరికి చీమ తన పుట్ట జోలికి వచ్చినందుకే కుట్టానని తేల్చేస్తుంది. ఊరిని బట్టి మధ్యలో మెట్లు కొంచెం మారతాయి. నాలుగేళ్ల పిల్లలు కూడా ఈ కథను పొల్లుపోకుండా అప్పజెబుతారు. వరుస తప్పినా వాళ్లే సర్దుకుంటారు. ఎందుకంటే ఒక మెట్టు మరిచిపోతే, ముందున్న ‘ఎందుకు’ అన్న ప్రశ్నే దాన్ని మళ్లీ పట్టిస్తుంది. కథలో దేనికి చోటు లేదో కూడా చూడండి. రాజు పేరు లేదు, రాజ్యం ఎక్కడుందో లేదు, మిగిలిన ఆరు చేపల మాట మళ్లీ రాదు. గొలుసులో లంకె కానిదేదీ కథలో మిగల్లేదు.

1985లో టామ్ ట్రబాసో, పాల్ వాన్ డెన్ బ్రూక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ సంగతినే తాకింది. కథలోని సంఘటనల్లో ఎక్కువమందికి గుర్తుండేవి ఏవని వాళ్లు చూశారు. ఇతర సంఘటనలతో కారణ సంబంధాలు ఎక్కువగా ఉన్నవీ, మొదటి నుంచి చివరి దాకా నడిచే ప్రధానమైన గొలుసులో ఉన్నవీ బాగా గుర్తున్నాయి. వినేవారు ముఖ్యమని ఎంచినవి కూడా అవే. ఏడు చేపల కథను తరతరాలుగా అవ్వలు ఎందుకు ఎంచుకున్నారో ఈ ఒక్క అధ్యయనంతో రుజువైపోదు. కానీ ఆ కథ నిర్మాణానికీ, జ్ఞాపకం పనిచేసే తీరుకూ పొంతన కుదిరిందని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

జ్ఞాపకం గురించి తరచూ ఉదహరించే ప్రయోగం ఇంకొకటి ఉంది. 1969లో గార్డన్ బవర్, మైకల్ క్లార్క్ విద్యార్థులకు పొంతన లేని పదేసి మాటల జాబితాలు 12 ఇచ్చారు. సగంమందిని ఒక్కో జాబితాలోని మాటలతో ఒక కథ అల్లుకోమన్నారు. మిగతావారికి ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్పకుండా, అంతే సమయం ఇచ్చారు. ప్రతి జాబితా అయిన వెంటనే అడిగితే రెండు గుంపులూ దాదాపు సమానంగా చెప్పాయి. 12 జాబితాలూ పూర్తయ్యాక అడిగితే కథ అల్లినవారు 93 శాతం చెప్పారు. మిగతావారు చెప్పగలిగింది 13 శాతమే. అంకె చూస్తే కళ్లు చెదురుతాయి. అయితే పాల్గొన్నది 24 మంది కళాశాల విద్యార్థులు, నేర్చుకున్నది విడి మాటలు, కథ కట్టింది నేర్చుకునేవారే. ఉపాధ్యాయుడు చెప్పిన కథ వల్ల పాఠం అంతగా గుర్తుంటుందని దీన్ని చూపి చెప్పడం న్యాయం కాదు.

అంతకంటే గట్టి ఆధారం 2021లో వచ్చింది. రేమండ్ మార్ బృందం 75కు పైగా నమూనాల నుంచి, 33,000 మందికి పైగా మనుషుల నుంచి వచ్చిన ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క కట్టింది. కథారూపంలో ఉన్న పాఠ్యం, విషయాన్ని వివరించే వ్యాసం కంటే సులువుగా అర్థమవుతుందని, బాగా గుర్తుంటుందని తేలింది. ఇది సగటు లెక్క కాబట్టి ఫలానా కథ, ఫలానా తరగతిలో పనిచేస్తుందని హామీ ఇవ్వదు. పైగా ఆ పోలిక కథకూ వ్యాసానికీ మధ్య జరిగింది, నోటితో చెప్పడానికీ పుస్తకం చూసి చదవడానికీ మధ్య కాదు. కథకు ఉన్న ఆధారాన్ని చెప్పడానికి ఉన్న ఆధారంగా లెక్క రాసుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు.

చెప్పడాన్నీ చదవడాన్నీ నేరుగా పోల్చిన అధ్యయనం ఒకటి 2004లో అమెరికాలో జరిగింది. రెబెకా ఇస్బెల్, ఆమె సహచరులు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను రెండు గుంపులు చేసి, రెండింటికీ అవే 24 కథలు వినిపించారు. ఒక గుంపుకు నోటితో చెప్పారు, ఇంకో గుంపుకు పుస్తకంలోంచి చదివారు. రెండు గుంపుల్లోనూ మాట పెరిగింది. చెప్పగా విన్న పిల్లలు కథను తిరిగి చెప్పేటప్పుడు దాన్ని బాగా అర్థం చేసుకున్నట్టు కనిపించింది. చదవగా విన్న పిల్లల వాక్యాల్లో భాష మరింత చిక్కబడింది. అంటే పుస్తకం ఇచ్చేది వేరు, నోరు ఇచ్చేది వేరు. కథలు చెబుతున్నాం కదా అని బడి గ్రంథాలయానికి తాళం వేసుకునే వీలు లేదు.

నోటితో చెప్పినప్పుడు అర్థం ఎందుకు పెరిగి ఉండవచ్చు? పుస్తకం మీద వాలిన కళ్లు లేచి పిల్లల ముఖాల మీదికి వస్తాయి. వాళ్ల ముఖం చూసి చెప్పేవారు వేగం మారుస్తారు, ఒక మాటను మళ్లీ అంటారు, భయపడే పిల్ల కనిపిస్తే పులిని కాస్త దూరంగా నిలబెడతారు. మన ఇళ్లలో దీనికి ఒక కట్టుబాటే ఉండేది. కథ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే అవ్వ కూడా ఆగుతుంది. “నిద్రపోయావుట్రా?” అని అడుగుతుంది. “లేదు, చెప్పు” అంటే మళ్లీ అందుకుంటుంది. ఉత్త ముచ్చటలా కనిపించే ఈ ఊ వెనక గట్టి సంగతే ఉందని 2000లో కెనడాలో జానెట్ బవెలస్, లిండా కోట్స్, ట్రూడీ జాన్సన్ చూపించారు.

వాళ్ల ప్రయోగంలో ఒకరు తాము త్రుటిలో ప్రమాదం తప్పించుకున్న ఉదంతాన్ని ఎదుటివారికి చెబుతారు. వినేవారిలో కొందరికి చెప్పేవారికి తెలియకుండా ఒక పని అప్పగించారు. ఒక పద్ధతిలో ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. అలా చేసేవారు ప్రతి మాటా చెవిన వేసుకుంటూనే ఉంటారు, కానీ కథలో మనసు ఉండదు. సరైన చోట ఉలిక్కిపడరు, అయ్యో అనరు. ఫలితంగా చెప్పేవారి కథే చెడింది. ముఖ్యంగా ముగింపు దగ్గర తడబడ్డారు, అది ఎందుకు ప్రమాదమో మళ్లీ మళ్లీ వివరించబోయారు. చెప్పింది వాళ్ల సొంత అనుభవం, వాళ్లకు బాగా తెలిసింది. అయినా ఎదుటి ముఖంలో స్పందన లేకపోతే దాన్ని గట్టెక్కించలేకపోయారు. వినేవారు కూడా కథ చెప్పడంలో పాలుపంచుకుంటారని పరిశోధకులు తేల్చారు.

మన ప్రదర్శన కళలు ఈ సంగతిని ఏనాడో ఏర్పాటులోనే పెట్టుకున్నాయి. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం అందుకుంటారు. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంత పలుకుతారు. శ్రోత మనసులో మెదిలే ప్రశ్నను వాళ్లే అడిగేస్తారు. వెయ్యిమంది కూర్చున్న మైదానంలో ఒక్కొక్కరి ఊ కథకుడికి వినిపించదు కనుక, వేదిక మీదే ఊ కొట్టేవారిని నిలబెట్టుకున్నారన్నది నా అవగాహన. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఈ కళను ఊరూరికీ తీసుకెళ్లారు. వలస పాలన రోజుల్లో రాజకీయ సభల్లో వాడుతున్నారని మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. బుర్రకథ జనం మనసు మార్చిందనడానికి దీన్ని రుజువుగా తీసుకోలేం. పాలకులు అలా నమ్మారనడానికి మాత్రం ఇది రుజువే.

సభల సంగతి అలా ఉంచి ఇళ్లలోకి వద్దాం. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో తెలుగు స్త్రీలు పాడుకునే రామాయణ పాటలను పరిశీలించారు. మగవారు చెప్పే రామాయణంలో యుద్ధాలు, ప్రతిజ్ఞలు ముందుంటాయి. ఈ పాటల్లో గర్భాలు, పురుళ్లు, అత్తాకోడళ్లు, అలకలు, పధ్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ ముందుంటారు. లక్ష్మణదేవర నవ్వు అనే పాటలో నిండుసభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. వనవాసం పొడుగునా తాను దూరంగా ఉంచిన నిద్రాదేవి ఇప్పుడు తన కోసం వచ్చిందని అతని నవ్వు. సభలోని ప్రతి ఒక్కరూ తమ తమ గుట్టు తలుచుకుని, తమను చూసే నవ్వాడని కుంచించుకుపోతారు. పెద్దలు కొలిచే కథలోనే ఉంటూ, పెద్దల లోపాలను ఇంత మెత్తగా పైకి తీయడం ఏ వ్యాసానికి సాధ్యం? ఆ పాటలు పాడుకున్న ఆడవాళ్ల జీవితాలు వాటివల్ల ఎంత మారాయో కొలిచే సాధనం లేదు. అయితే ఎదిరించి అనలేని మాటను అనడానికి కథ వాళ్లకు చోటు ఇచ్చిందని ఆ పాటలే సాక్ష్యం.

తెలంగాణలో కులాలను ఆశ్రయించిన కథకుల సంప్రదాయం కూడా ఇలాంటిదే. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెబుతారు. చేర్యాల నకాశీ చిత్రకారులు వేసిన పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ నడిపించే ఆచారమూ ఉంది. బడికి రానివ్వని కాలంలో ఒక సమూహం తన పుట్టుకనూ తన గౌరవాన్నీ తన పిల్లలకు నేర్పుకున్న బడి అది.

ఇంట్లో రోజూ నడిచే మాటల్లో కూడా కథ ఉంటుంది, దాన్ని మనం గుర్తించం. బడి నుంచి వచ్చిన చిన్నపిల్ల “ఇవాళ రాము పడిపోయాడు” అంటుంది. “సరేలే, ముందు కాళ్లు కడుక్కో” అంటే కథ అక్కడితో ఆగిపోతుంది. “అయ్యో, ఎక్కడ పడ్డాడమ్మా? అప్పుడు నువ్వెక్కడున్నావు? ఎవరు లేపారు?” అంటే ఆ పిల్ల చోటునూ వరుసనూ కారణాన్నీ వెతుక్కుని చెప్పాలి. 1999లో కరోల్ పీటర్‌సన్ బృందం కెనడాలో 20 పేద కుటుంబాలతో సరిగ్గా దీన్నే పరీక్షించింది. సగంమంది తల్లులకు మూడున్నరేళ్ల పిల్లలతో జరిగిన సంగతుల గురించి ఎక్కువసేపు, ఇలాంటి ప్రశ్నలతో మాట్లాడమని నేర్పి, ఏడాదిపాటు సాగించారు. ఏడాది చివర పిల్లల పదసంపద పెరిగింది. ఇంకో ఏడాది గడిచాక వాళ్లు చెప్పే కథనాల్లో పుష్టి కనిపించింది. ఇరవై కుటుంబాలంటే చాలా చిన్న సంఖ్య, దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. కానీ ఖర్చులేని ఈ పనిని మన అంగన్వాడీ తల్లుల సమావేశాల్లో నేర్పి చూడటానికి ఆ మాత్రం ఆధారం చాలనిపిస్తుంది.

కథ బలాన్ని మెచ్చుకునేవారు దాని ఇంకో ముఖాన్ని దాచకూడదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో మొదలై తెలంగాణ పల్లెల్లో నోటినోటికీ పాకాయి. అమాయకుల మీద మూకదాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ పుకార్లు కూడా కథలే. వాటిలోనూ ఒక పిల్లవాడు, ఒక కొత్త మనిషి, ఒక చీకటి రాత్రి ఉన్నాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపడంతో పాటు జానపద కళాకారులతో పాటలు పాడించి పుకార్లను ఖండింపజేశారు. ఆ జిల్లాలో మూకదాడి మరణాలు జరగలేదని వార్తలు వచ్చాయి. పాటల వల్లే అలా జరిగిందనలేం. ఊరికి పోలీసు వెళ్లడమే అసలు కారణం కావచ్చు, రెండూ కలిసి పనిచేసి ఉండవచ్చు. నోటిమాటతో వచ్చిన అబద్ధాన్ని ఆపడానికి ఊరివాళ్లు నమ్మే నోటినే ఆశ్రయించాల్సి వచ్చిందన్నది మాత్రం గమనించాల్సిన సంగతి.

తరగతి గదిలో హాని ఇంత ఘోరంగా ఉండదు, కానీ ఉంటుంది. 1998లో షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ మెరుపు ఎలా పుడుతుందో వివరించే పాఠంలో పిడుగు బారిన పడిన మనుషుల ఉదంతాల వంటి ఆకర్షణీయమైన ముచ్చట్లు చేర్చి చూశారు. ముచ్చట్లు చేర్చిన పాఠం చదివినవారికి అసలు విషయం తక్కువ గుర్తుంది. దాన్ని కొత్త సమస్యకు అన్వయించడంలోనూ వెనకబడ్డారు. ముచ్చట మొదట్లోనే పెడితే నష్టం ఎక్కువ, చివర పెడితే తక్కువ. పాఠాన్ని ఆసక్తికరమైన పిట్టకథతో మొదలుపెట్టమని చెప్పే మన అలవాటుకు ఇది సూటిగా తగిలే ఫలితం. పాఠకులు కళాశాల విద్యార్థులు, విన్నది కాక చదివింది. అయినా దీన్ని పక్కన పెట్టేయడానికి నాకు మనసొప్పదు.

మరి పాఠానికి సాయపడే కథ ఏది? ధవళేశ్వరం ఆనకట్ట పాఠం తీసుకుందాం. కాటన్ దొర విగ్రహాలు డెల్టా ఊళ్లలో ఎన్ని ఉన్నాయో, వాటికి ఎవరెవరు దండలు వేస్తారో చెబితే పిల్లలు చెవులప్పగించి వింటారు. కానీ ఆనకట్ట అక్కడే ఎందుకు కట్టారో అందులో లేదు. ఇంకోలా చెప్పి చూడండి. 1832-33లో నందన కరువు వచ్చింది, మనుషులు తిండిలేక రాలిపోయారు. గోదావరిలో మాత్రం నీళ్లు వృథాగా సముద్రంలోకి పోతున్నాయి. ఎందుకు? నది పారుతున్న మట్టానికి పొలాలు అందవు. ఆర్థర్ కాటన్ నదిని ఎక్కడ పట్టుకోవాలి? ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది, అక్కడి నుంచి నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఆ తల దగ్గర అడ్డుకట్ట వేసి నీటి మట్టం పెంచితే కాలువల్లో నీళ్లు తమంతట తామే పల్లానికి పారతాయి. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ఇందులో ప్రతి మెట్టూ ముందు మెట్టుకు జవాబు. మధ్యలో ఆపి “అప్పుడు ఎక్కడ కట్టాలి?” అని అడిగితే పటం చూసి పిల్లలే చెప్పగలరు. పాఠం కథ పక్కన లేదు, కథ గొలుసులోనే ఉంది.

అయితే పై కథలోని సంవత్సరాలు పిల్లల నోట్లో నిలవవు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వెలువరించిన పుస్తకంలో, అమెరికా ఆదివాసుల కథ ఒకటి కేంబ్రిడ్జి చదువరుల చేత మళ్లీ మళ్లీ చెప్పించినప్పుడు ఏమైందో రాశారు. వాళ్లకు కొత్తగా ఉన్నవి జారిపోయాయి, తెలియనివి తెలిసినవిగా మారాయి. తెడ్డుతో నడిపే చిన్న దోనె కాస్తా మామూలు పడవ అయింది. కథ అంకెలను సరిగా మోయలేదు, అంకెలు బోర్డు మీద రాయాల్సిందే. ఇందులో ఇంకో సూచన కూడా ఉంది. పిల్లల లోకానికి దగ్గరగా ఉన్న కథ తక్కువ చెదురుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు, ఆయా గూడేల కథలను చిన్నతరగతుల పుస్తకాల్లోకి తేవడంలోని ఉద్దేశం ఇదే.

విన్న కథను పిల్లల చేత చెప్పించడానికి కూడా బలమైన ఆధారం ఉంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగంలో విద్యార్థులు ఒక పాఠం చదివాక, కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత లెక్క తిరగబడింది. గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం, మళ్లీ చదివినవారికి 42 శాతం మిగిలింది. అంటే కథ చెప్పిన గంటలోనే పిల్లలు ఎంత ఉత్సాహంగా జవాబులు చెప్పారో చూసి సంతోషపడితే సరిపోదు. వారం ఆగి అడగాలి.

ఇక్కడ చెప్పిన ప్రయోగాల్లో ఏదీ తెలుగు తరగతి గదిలో జరగలేదు. ఆ లోటు తీర్చడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థులు, వారికి చెప్పే అధ్యాపకులు ఈ విద్యాసంవత్సరంలో ఒక పాఠాన్ని ఎంచుకోండి. రెండు సెక్షన్లు ఉన్న బడిలో ఒక సెక్షన్‌కు దాన్ని కారణాల గొలుసుగా కట్టి నోటితో చెప్పండి, పిల్లల చేత తిరిగి చెప్పించండి. ఇంకో సెక్షన్‌కు మామూలుగా చెప్పండి. ఎవరికి ఏది అన్నది చీటీ తీసి నిర్ణయించండి. వారం తర్వాత, నెల తర్వాత అవే ప్రశ్నలు అడిగి, వచ్చిన ఫలితం మీకు నచ్చినా నచ్చకపోయినా ప్రచురించండి. జిల్లాకు ఒక్క బడి చేసినా, రెండు తెలుగు రాష్ట్రాల్లో కథాబోధన గురించి మాట్లాడటానికి మనకంటూ సొంత ఆధారాలు ఉంటాయి.